పొడుగు దేశం

నీళ్ళు చిలకరించి అరచేత్తో తుడిచేసరికి పలక ముఖం తేలింది. నిదానం తల పక్కకి వంచి, కిటికీ వెలుతురు రాతి మీద వాలుగా పడే వైపు నుంచి చూశాడు. ఎడమ మూలలో గరుకు ఇంకా మిగిలే ఉంది. సానరాయి అందుకుని, మోచెయ్యి కదపకుండా మణికట్టుతోనే గుండ్రంగా నూరడం మొదలుపెట్టాడు. బూడిదరంగు నీళ్ళు గంజిలా అంచు మీదుగా కారి చెప్పుల మీద పడుతున్నాయి. ఆ చెప్పులు తమ అసలు రంగేమిటో మరిచిపోయి చాలాకాలమైంది.

నిదానం అన్నది ఊరు పెట్టిన పేరు. ఇలాంటి పేరు వచ్చినప్పుడు మనిషి దాన్ని తిట్టు కింద రాసుకోవచ్చు, లేదా దుకాణం బోర్డు కింద వాడుకోవచ్చు. అతను రెండోదే చేశాడు. రాతి మీద అక్షరాలు చెక్కేవాడు తొందరపడి బాగుపడింది లేదు. కాగితం మీద తప్పు పడితే చింపి పారేస్తాం. రాతి మీద తప్పు పడితే, ఆ రాయిని బతికినంతకాలం ఎక్కడో ఒకచోట చూస్తూనే ఉండాలి. అతని దుకాణం గుమ్మంలో మెట్టు ఒక తప్పు. పెరట్లో బట్టలుతికే బండ ఒక తప్పు. కాలవ మీద మూత ఒక తప్పు. అన్నీ బోర్లా పడుకుని, వీపు మీద బరువు మోస్తూ, చేసిన నష్టాన్ని కొద్దికొద్దిగా తీర్చుకుంటున్నాయి.

"నాన్నా, ఆ మూల ఇంకాస్త నూరితే అవతలి వైపు బయటపడుతుంది," అంది కూతురు.

గదిలో సగం ఆమెది. ఆ సగంలో కోత యంత్రం, నీటి గొట్టం, గోడకి ఆనించిన వంటగట్టు బండలు. ముఖానికి గుడ్డ, చెవులకి మూతలు పెట్టుకుని ఆమె బండలు కోస్తుంటే వీధి చివర్న కుక్కలు కూడా లేచి పక్క వీధిలోకి పోతాయి. ఇల్లు గడిచేది ఆ యంత్రం మీద. తండ్రి అక్షరాల వల్ల వచ్చేది పలుకుబడి. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి, పొద్దున్నే తండ్రి గీతలు గీసుకునేంతసేపు ఆమె యంత్రం ఆపి ఉంచుతుంది. ఉలి పట్టాక మాత్రం ఆపదు. ఉలికి కళ్ళు కావాలి గాని చెవులు అక్కర్లేదని ఆమె వాదం.

"మూల నున్నగా లేకపోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారే?"

"పోయినవాడు లేచి వచ్చి మూల తడుముతాడా?"

"తడిమేవాళ్ళు ఉంటారు," అన్నాడు నిదానం. నూరడం ఆపలేదు.

రేవు వెనక గుట్ట మీద ఓడలవాళ్ళ శ్మశానం ఉంది. ఓడల మీద వచ్చి, జబ్బు చేసో, తాడు తెగో, తాగి మెట్ల మీంచి పడో ఇక్కడే మిగిలిపోయిన పరాయి దేశాలవాళ్ళంతా అక్కడే ఉంటారు. పూర్వం ఒకసారి, ఏ రాతి మీద ఎవరి భాష ఉండాలన్న దాని మీద రెండు ఓడలవాళ్ళు శవపేటికను మధ్యలో పెట్టుకుని కొట్టుకున్నారట. అప్పటి పెద్దలు కూర్చుని తగువు తెంచారు. ఎవరి ఇంట్లోనూ మాట్లాడని భాషైతే ఎవరికీ బాధ ఉండదు. అందుకని లాటిన్. పై వరసలో పేరు, కింది వరసలో అతను ఏ దేశంవాడో ఒక్క మాట, ఆ కింద సంవత్సరం. అంతకు మించి ఎవరికీ ఏమీ లేదు, కెప్టెన్ అయినా వంటవాడైనా.

నిదానానికి లాటిన్ రాదు. దేశాలు మాత్రం వచ్చు. అదీ తన లెక్కలో. లాటిన్ బతికున్న రోజుల్లో ఉన్న దేశాలకి పాత మాటలున్నాయి, అవి పొట్టివి. భారతీయుడైతే ఇండుస్. ఫిన్లాండ్‌వాడైతే ఫిన్నుస్. ఆ మాటంటే అతనికి ప్రాణం, దాదాపు అన్నీ నిట్టనిలువు గీతలే. రాతి మీద యూని కూడా వీ లాగే చెక్కడం ఆనవాయితీ, కాబట్టి ఆ గుండ్రం కూడా తప్పిపోతుంది. తర్వాత పుట్టిన దేశాలకి తోక తగిలించాలి. బ్రసిలియెన్సిస్. వియెత్నామెన్సిస్. కనాదెన్సిస్. తోక ఉన్న దేశమంటే కనీసం రెండు ఎస్‌లు. ఎస్ చెక్కడమంటే పాముని రాతిలో పడుకోబెట్టడం. అది ఒప్పుకునేదాకా బతిమాలాలి. వార్తల్లో ఎక్కడైనా కొత్త దేశం పుట్టిందంటే జనం జెండా ఎలా ఉంటుందో చూస్తారు. నిదానం ఎస్‌లెన్నో చూసుకుంటాడు.

ఆ మాటలు తయారుచేసి ఇచ్చేది మాస్టారు.

*

మాస్టారు వచ్చే అలికిడి మలుపు దగ్గరే తెలుస్తుంది. చేతికర్ర చివర ఇనప పొన్ను రాళ్ళ మీద టక్కుమంటుంది. ఈ మధ్య ఒక టక్కుకీ ఇంకో టక్కుకీ మధ్య ఎడం పెరిగింది. ఇవాళ మలుపు దగ్గర ఆ చప్పుడు పూర్తిగా ఆగింది. నిదానం సానరాయి పక్కన పెట్టి గుమ్మందాకా వెళ్ళాడు. మాస్టారు గోడకి ఒక చెయ్యి ఆనించి నిలబడి, ఎదురింటి కిటికీలోని పూలకుండీని మహా శ్రద్ధగా చూస్తున్నారు. ఊపిరి కోసం ఆగాననడం ఆయనకి నామోషీ. కుండీ కోసం ఆగారు.

"బాగా పూసింది," అన్నారు దగ్గరికొచ్చాక.

"అవి ప్లాస్టిక్కువి మాస్టారూ."

"అయితే మరీ బాగా పూసింది."

పొడుగాటి మనిషి, వంగి కాస్త పొట్టి అయ్యారు. ఎండైనా వానైనా అదే గోధుమరంగు కోటు, మోచేతుల దగ్గర తోలు అతుకులు. నిదానం భార్య రెండుసార్లు ఆ అతుకుల మీద అతుకులు వేసింది. పాతికేళ్ళు దాటని వయసులో ఓడెక్కి ఇక్కడికి వచ్చారు. రేవు బడిలో పిల్లలకి లాటిన్ చెప్పారు. పిల్లలు నేర్చుకున్నది తక్కువే గాని ఆయన్ని మరిచిపోయినవాళ్ళు లేరు. పెళ్ళి చేసుకోలేదు. బడి వెనక ఒక గదిలో ఉంటూ, మధ్యాహ్నం భోజనం మాత్రం ఇక్కడ చేస్తారు. మొదట్లో అది మాటలకి బదులు ముట్టే ప్రతిఫలం. తర్వాత ఎవరు ఎవరికి బాకీయో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన కూర్చునే చోటు కిటికీ కింద. రెండు దిమ్మల మీద బోర్లా వేసిన వెడల్పాటి నల్ల పలక. అదీ ఒక తప్పే, ఏ కాలపు తప్పో నిదానానికి గుర్తులేదు. రాయి చల్లన, ఎముకలకి మంచిది కాదని భార్య నీలంరంగు మెత్త ఒకటి కుట్టి ఇచ్చింది. మాస్టారు మెత్తని రెండుసార్లు తట్టి, దాని మీద కూర్చుని, కర్రని మోకాళ్ళ మధ్య నిలబెట్టి, కుడిచెయ్యి అలవాటుగా పలక అంచు కిందకి పోనిచ్చారు. ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటారు, బడిపిల్లలు బల్ల పట్టుకున్నట్టు.

"ఇవాళ ఏ దేశమయ్యా?"

ముప్పై ఏళ్ళుగా రోజూ అడిగే మొదటి మాట అదే.

"దేశం లేదు మాస్టారూ. అదే గొడవ. రేవు ఆఫీసు గుమాస్తా వస్తానన్నాడు, మీరే వినండి."

గుమాస్తా స్కూటరు దిగకుండానే సంగతి చెప్పేశాడు. తుపాను తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చిన మనిషి. ఒంటి మీద కాగితం లేదు, పచ్చబొట్టు లేదు, ఏ ఓడా మావాడని చెప్పలేదు. ఆస్పత్రివాళ్ళు ఉంచాల్సినంతకాలం ఉంచి గుట్ట మీదకి పంపేశారు. నియమం ప్రకారం రాయి పెట్టాలి.

"పేరుకి బదులు 'పేరు తెలియదు' అని ఏదో ఉందిగా మీ భాషలో, అది వెయ్యండి. దేశం వరస ఖాళీగా వదిలెయ్యండి. నాకు రాయి ఉంటే చాలు, లెక్క సరిపోతుంది."

"ఖాళీగా ఎలా వదులుతాం?" అన్నాడు నిదానం. "ఖాళీ ఉంటే పని సగంలో ఆపేశాననుకుంటారు."

"అయితే నీకు నచ్చిన దేశం వేసుకో. పొట్టిది వేసుకో. ఎవడొచ్చి అడుగుతాడు?" గుమాస్తా నవ్వి బండి తిప్పుకుని పోయాడు.

కూతురు చెవుల మూతలు మెడకి దించుకుంది. "ఫిన్నుస్ వేసెయ్ నాన్నా. నీకిష్టమైన దేశం. పాపం అతనికి కూడా చల్లగా ఉంటుంది."

"నోర్ముయ్యవే," అన్నాడు నిదానం నవ్వు ఆపుకుంటూ.

మాస్టారు నవ్వలేదు. కర్ర చివరితో నేల మీది రాతిపొడిలో ఏదో గీసి, చెరిపి, మళ్ళీ గీశారు. ఆయన మాట తయారుచేసే పద్ధతి అదే. గీసినదాన్ని పెదాలతో పలికి చూస్తారు. నోటికి సాఫీగా రానిది రాతికీ రాదంటారు.

"నోస్ట్రాస్," అన్నారు చివరికి.

"అదెక్కడి దేశం?"

"దేశం కాదు. ఇండుస్ అంటే ఇండియావాడు, సినెన్సిస్ అంటే చైనావాడు. నోస్ట్రాస్ అంటే మనవాడు. మన నేలవాడు. పాత మాటే, నేను కల్పించింది కాదు."

నిదానం ఆలోచించాడు. "మనవాడని మనం ఎలా అంటాం మాస్టారూ? ఎవడో ఏమిటో."

"ఒడ్డుకి వచ్చిన సరుకుకి ఎవరూ దావా వెయ్యకపోతే అది ఎవరిదవుతుంది?"

"ఒడ్డుదే."

"మరింకేం."

బేరం కుదిరినట్టు నిదానం తలాడించాడు. మాట పొట్టిదే. ఎస్‌లు రెండున్నాయి, కానీ వాటి మధ్య మంచి గట్టి అక్షరాలున్నాయి. సుద్దముక్క తీసి పలక మీద వరస కొలుచుకున్నాడు.

*

అతని పనిలో ఒక పద్ధతి ఉంది. మామగారి దగ్గర కూలికి చేరినప్పుడు నేర్చుకున్నది. ఆ మామగారు దుకాణం అప్పజెప్పడానికి పిల్లనిచ్చాడా, పిల్లనివ్వడానికి దుకాణం అప్పజెప్పాడా అన్నది ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. భార్యని అడిగితే, రెండూ పాతసరుకే, ఒకే బేరంలో వదిలించుకున్నాడు అంటుంది. పద్ధతి ఏమిటంటే, కింది వరస ముందు. దేశం ముందు చెక్కాలి, పేరు, సంవత్సరం ఆఖర్న. ఓడ కాగితాల్లో పేర్లు తప్పులతడకలు. ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉంటుంది, ఇంటివాళ్ళ నుంచి జవాబు వచ్చేదాకా పేరుని నమ్మకూడదు. దేశం అలా కాదు. మనిషి తన పేరు మార్చుకుని ఓడెక్కొచ్చు గాని దేశం మారదు కదా అనేవాడు మామగారు.

ఆ మాట ఒక్కసారి వమ్మయింది. మామగారు పోయిన మరుసటి ఏడు. ఓడలో ఇంజను చూసే మనిషి ఒకడు గుండె ఆగి పోయాడు. చెకోస్లోవాకియావాడు. సముద్రమే లేని దేశంవాడికి ఓడలో ఏం పనని నిదానం ఆశ్చర్యపోతే, మాస్టారు మొదటిసారి నొచ్చుకున్నారు. "సముద్రం లేనివాడికే అది కావలసింది," అన్నారు. అది ఆయన దేశమని అప్పుడు తెలిసింది. ఆయన ఇచ్చిన మాట చెకోస్లోవాకుస్. అంత పొడుగు దేశం నిదానం అంతవరకు చెక్కలేదు. మామూలు పలక చాలక, అడ్డంగా వెడల్పుగా ప్రత్యేకం కోయించాడు. శీతకాలమంతా కూర్చుని కింది వరస చెక్కి, పేరు కోసం ఆ ఇంటికి ఉత్తరం రాయించాడు.

వసంతంలో పోయినవాడి భార్యే స్వయంగా వచ్చింది. నల్లకోటు వేసుకున్న చిన్నపాటి మనిషి. పలక ముందు నిలబడి చాలాసేపు చూసి, మాస్టారితో వాళ్ళ భాషలో మాట్లాడింది. కోపంగా కాదు, బజార్లో కొలత సరిపోని బట్ట తిరిగి ఇచ్చేవాళ్ళలాగే. మాస్టారు తర్జుమా చేశారు. "ఆ దేశం ఇప్పుడు లేదంటోంది. కొత్త సంవత్సరం నాడు రెండు ముక్కలైంది. ఈవిడ ఒక ముక్కలో ఉంది. ఆ ముక్క పేరు వెయ్యమంటోంది." వేశాడు, స్లోవాకుస్ అని, మామూలు పలక మీద. ఆవిడ సంతోషంగా వెళ్ళింది. చెక్కినప్పుడు ఒప్పుగా ఉండి, చెక్కాక తప్పైన రాయి అదొక్కటే. ఎవరిని అనాలి? మిగతా తప్పులతోపాటు అదీ ఎక్కడో బోర్లా పడింది.

మాస్టారి తండ్రి ఊరు ఒక ముక్కలోకి పోయింది, తల్లి ఊరు ఇంకో ముక్కలోకి. ఆయన ఇక్కడి పౌరుడై ఎప్పుడో కాగితాలు తీసుకున్నారు. గుట్ట మీద స్థలం మాత్రం కావాలన్నారు, ఇన్నాళ్ళూ ఆ మనుషులతోనే నా లావాదేవీ అని. శ్మశానం కమిటీవాళ్ళు గోడవారగా చోటు చూపించారు కూడా. చోటు ఉంది, రాయి ఉంటుంది. కింది వరసలో ఏం చెక్కాలన్నది మాత్రం నిదానం ఎన్నిసార్లు అడిగినా తేలలేదు. ఎంతోమంది పరాయివాళ్ళకి దేశం పెట్టిన మనిషిని, ఆయన దేశం తీసుకోకుండా పోనిస్తే, ఇక అడగడానికి ఎవరూ ఉండరు. ఈ మధ్య ప్రతి పొద్దుటా చేతికర్ర చప్పుడు మలుపు దగ్గర ఆగినప్పుడల్లా నిదానం గుండెలో కదిలేది ఆ భయమే.

అందుకే ఇవాళ సుద్దగీత పూర్తి కాగానే, తల ఎత్తకుండా అడిగేశాడు.

"మాస్టారూ, ఊరూపేరూ లేనివాడికి కూడా మాట దొరికింది. మీది ఎప్పుడు చెబుతారు?"

"నాకేం తొందర."

"నాకుంది. నా పేరే నిదానం, నాకు తొందరొచ్చిందంటే ఆలోచించండి."

మాస్టారు గట్టిగా నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకున్నారు.

"నా రాయి పని ఎప్పుడో సగం అయిపోయిందయ్యా. నీకే గుర్తులేదు."

"ఇదిగో, మళ్ళీ దాటేశారు."

"దాటెయ్యలేదు. ఇంత స్థిమితంగా ఎప్పుడూ కూర్చోలేదు," అన్నారు మాస్టారు, అంచు కింద చెయ్యి అలాగే ఉంచి.

*

మధ్యాహ్నం భార్య వెనకగుమ్మంలోంచి కేక వేసింది. "ఏమండీ, మాస్టారిని తీసుకుని రండి. పలకలు ఎక్కడికీ లేచిపోవు."

మాస్టారు ఎప్పటికన్నా తక్కువ తిన్నారు. పులుసు బాగుందని మాత్రం మూడుసార్లు అన్నారు.

"బాగుంటే తినాలి గాని, మెచ్చుకుంటూ కూర్చుంటే ఎలా?" అంది ఆవిడ.

"సగం తిని పూర్తిగా మెచ్చుకుంటున్నానమ్మా. నీకే లాభం."

"ఇలాంటి లాభాలతోనే ఈ ఇల్లు ఇలా ఉంది," అని ఆవిడ ఇంకో గరిటె వడ్డించింది. ఆయన అదీ తిన్నారు, ఆవిడ కోసం.

తర్వాత గ్లాసుతో టీ పట్టుకుని మళ్ళీ కిటికీ కిందకి వచ్చారు. వీపు గోడకి ఆనించి, కాళ్ళు చాపుకున్నారు. ఎండ కిటికీ చట్రం దాటి ఆయన మోకాళ్ళ మీదకి, అక్కణ్ణుంచి కోటు గుండీల మీదకి వచ్చింది. నిదానం వీపు ఆయనవైపు పెట్టి, ఉలి అందుకున్నాడు. కూతురు ఒక వంటగట్టు బిగించడానికి బయటికి పోయింది. యంత్రం లేని గదిలో ఉలి చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

ఎన్ అయింది. ఓ చుట్టూ మెల్లిగా తిరిగాడు. మొదటి ఎస్ దగ్గర ఎప్పటిలాగే ఆగాడు. అక్కడ ఆగినప్పుడు వెనకనుంచి "బతిమాలు, బతిమాలు" అనడం మాస్టారికి అలవాటు. ఇవాళ అనలేదు. కునుకు పట్టిందనుకున్నాడు నిదానం. ఉలిని తేలిక చేసి, పెద్దగా మోగకుండా వంపు తిప్పాడు. టీ, ఆర్, ఏ, ఆఖరి ఎస్. బతిమాలకుండానే ఒప్పుకుంది. పొడి ఊది, తడిగుడ్డతో తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. బాగా వచ్చింది. ఇంత బాగా వచ్చినప్పుడు ఎవరికైనా చూపించాలనిపిస్తుంది.

"మాస్టారూ, మనవాడు తయారయ్యాడు," అంటూ వెనక్కి తిరిగాడు.

మాస్టారి తల కిటికీ వైపు కొంచెం వాలి ఉంది. ఎండ కోటు దాటి గడ్డం మీదకి వచ్చింది. కర్ర మోకాళ్ళ మధ్య నుంచి జారి ఒళ్ళో అడ్డంగా పడి ఉంది. టీ సగం తాగి, గ్లాసుని జాగ్రత్తగా గోడవారగా పెట్టారు, ఎవరి కాలికీ తగలకుండా. కుడిచెయ్యి ఇంకా పలక అంచు కిందే ఉంది. నిదానం దగ్గరికి వెళ్ళి ఆయన ముక్కు దగ్గర వేళ్ళు పెట్టాడు. రాతిపొడి అంటిన వేళ్ళు. ఆ పొడి కదల్లేదు.

భార్యని వెంటనే పిలవలేదు. పక్కన ఉలి పెట్టి, అదే పలక మీద ఆయన పక్కన కాసేపు కూర్చున్నాడు. తొందరేముంది.

*

డాక్టరు వచ్చి, చూసి, బడివాళ్ళు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళేసరికి పొద్దు వాలింది. ముగ్గురూ గదిలో మిగిలారు. కూతురు గోడవారగా ఉన్న పలకల్లో ఒకటొకటీ వంచి చూస్తోంది. ఏదో ఒక పని చెయ్యకపోతే ఏడుపొస్తుందని ఆమెకి తెలుసు.

"అన్నిట్లోకీ మంచి పలక తీద్దాం నాన్నా. వంటగట్టు కోసం ఎత్తిపెట్టింది ఉంది. అది ఇచ్చేద్దాం. వాళ్ళకి ఇంకోటి చూసుకుంటా."

"పలక సరే, మాటేది?" అన్నాడు నిదానం. "పొద్దున కూడా అడిగాను. చెప్పకుండానే వెళ్ళిపోయాడు మనిషి."

భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చెప్పకపోవడమేమిటి? ఇవాళే ఇచ్చారుగా. మనవాడని. అదే చెక్కండి. ఈయన కంటే మనవాడు ఎవరున్నారు?"

నిదానం దీపం వేసి, ఆరబెట్టిన నోస్ట్రాస్ వంక చాలాసేపు చూశాడు. భార్య మాటలో తప్పేమీ లేదు. అయినా త్రాసు ఒక పక్కకే మొగ్గడం లేదు.

"ఆయన మనవాడని మనకి తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలిసినవాళ్ళకి రాయెందుకే? రాయి తెలియనివాళ్ళ కోసం. ఎక్కడి నుంచో ఎవరో వచ్చి గుట్ట మీద నడుస్తూ, ఇతను మావాడు అనుకోవడానికి. ఆ కొట్టుకొచ్చినవాడికైతే అడిగేవాళ్ళు లేరు కాబట్టి మనం తీసుకున్నాం. ఈయనకి ముందే ఒకటుంది. ఉన్నది తీసేసి మనది వేస్తే ఎలా?"

"ఉన్నదేది? రెండు ముక్కలైందంటివి. ఏ ముక్క వేస్తావు? తండ్రిదా, తల్లిదా?" అంది కూతురు.

నిదానం కాళ్ళు లాగి, మాస్టారి చోట్లో కూర్చున్నాడు. ఏం తోచక, ఆయన పెట్టినట్టే కుడిచెయ్యి అంచు కిందకి పెట్టాడు. వేళ్ళకి గాడి తగిలింది. గాడి పక్కన గాడి. ముప్పై ఏళ్ళ పాటు సుత్తి మోసిన వేళ్ళు, చూపు లేకపోయినా అక్షరం పోల్చుకుంటాయి. తిరగేసిన ఓ. ఎల్. అటు పక్కకి చెయ్యి జరిపితే ఎస్ ఒకటి, తన చేతి వంపే, కుర్రతనంలో ఇంకాస్త ఆర్భాటంగా తిప్పేవాడు.

"మెత్త తియ్యి," అన్నాడు లేస్తూ. "అటు పట్టుకో."

తండ్రీకూతుళ్ళు పలకని దిమ్మల మీంచి ఎత్తి, నిలబెట్టి, గోడకి ఆనించారు. దీపం కిందకి తెచ్చారు. అడుగున సాలెగూళ్ళు, ఎండిన బురద. కింది వరసలో చెకోస్లోవాకుస్. పై వరస, సంవత్సరం చోటు ఖాళీ. అక్షరాల్లో చాలావాటి నిండా మట్టి పేరుకుని ఉంది. కుడిచెయ్యి అందే చోట నాలుగైదు మాత్రం నిన్న చెక్కినంత శుభ్రంగా ఉన్నాయి. వాటి అంచులు, ఏ సానా పెట్టకుండానే, నున్నగా అరిగి మెరుస్తున్నాయి.

భార్య అంది, "ఆ నల్లకోటావిడ వెళ్ళిన రోజే. కుర్చీ వేస్తానన్నాను. వద్దమ్మా, ఆ రాయి ఊరికే పడుంది, అదే వెయ్యండి అన్నారు. చాదస్తమనుకున్నా."

"లేని దేశం కదా నాన్నా," అంది కూతురు, ఈసారి మెల్లిగా.

"ఆయన బయల్దేరినప్పుడు ఉంది. మళ్ళీ వెళ్ళి ఎవరికీ అప్పజెప్పలేదు," అన్నాడు నిదానం. "సగం పని అయిపోయిందని పొద్దున చెప్పనే చెప్పాడు. నేనే దాటేశాడనుకున్నా." గుడ్డ తడిపి, మిగతా అక్షరాల్లో మట్టి తియ్యడం మొదలుపెట్టాడు. పోయిన మనిషి పోయాడు, అది వేరే లెక్క. కానీ ఆయన దగ్గర తీసుకోవలసింది మిగల్లేదు.

పై వరసకి పేరు కావలసి వచ్చింది. అప్పుడు తెలిసింది, ముగ్గురిలో ఎవరికీ ఆయన పేరు సరిగ్గా రాదు. మాస్టారు అంటే మాస్టారే. మర్నాడు కూతురు బడికి వెళ్ళి, కాగితం చూసి, అక్షరం పొల్లుపోకుండా రాసుకొచ్చింది. నిదానం దాన్ని పెదాలతో పలికి చూసుకుని, సుద్ద అందుకున్నాడు. అతను చెక్కినంతసేపూ ఆమె యంత్రం ముట్టుకోలేదు.

రెండు రాళ్ళూ ఒకే బండిలో గుట్ట ఎక్కాయి. పొట్టి పలక ముందు, వెడల్పు పలక వెనక. గోడవారగా మాస్టారికి, ఆ పక్క చోట్లోనే పేరు తెలియనివాడికి. దిగి వచ్చేటప్పుడు గుమాస్తా అడిగాడు, ఆ పొడుగు దేశం ఇప్పుడు పటంలో ఎక్కడుందని. "నా దుకాణంలో ఉండేది," అన్నాడు నిదానం. గుమాస్తా నవ్వాడు. నిదానమూ నవ్వాడు.

సాయంత్రం కూతురు యంత్రం నడుపుతోంది, వీధి చివర కుక్కలు లేచి పోయాయి. భార్య చీపురు పట్టుకుని కిటికీ కిందదాకా ఊడ్చి, అక్కడ ఆగింది. దిమ్మలు రెండూ అలాగే ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద నీలంరంగు మెత్త, మధ్యలో ఆయన కూర్చున్నంత మేర లోపలికి దిగి, అంచులు ఇంకా పైకి లేచే ఉంది.